మిర్గాబు హోటల్లో గది

నా పెళ్ళాం పర్వీన్ తమ్ముడు లాల్ బాషా నన్ను నిలువునా మోసం చేశాడు. ఈ మాట నేను ఎక్కడైనా చెబుతాను, ఎవరి ముందైనా చెబుతాను. తొమ్మిదేళ్ళ కిందట మా నాయన పోయినప్పుడు నాకు సెలవు దొరకలేదు. కువైట్‌లో, కబ్ద్ ఎడారిలో ఒంటెలన్నీ నా మీద వదిలి, నా వీసా చేతిలో ఉన్న అరబ్బు యజమాని, కఫీల్, ఎండాకాలం గడపడానికి లండన్ పోయాడు. నాయన భూమి పట్టా నీ పేరుకు మార్పిస్తాను, పవర్ ఆఫ్ అటార్నీ రాసి పంపించు అన్నాడు బాషా. ఇక్కడ మనవాళ్ళందరూ చేసే పనే. ఎంబసీకి పోయి, ఫొటో అంటించి, చూపించిన చోటల్లా సంతకం పెట్టి పంపాను. నేను ఆరో తరగతితో మానేసినవాణ్ణి. ఆ ఇంగ్లీషు కాగితం పట్టా మార్చడానికే కాదు, అమ్ముకోవడానికి కూడా అని నాకేం తెలుసు? నాలుగు నెలల్లో నా భూమిని వాడి పెళ్ళాం పేర రిజిస్టరు చేయించాడు. కోర్టుకు పోతే సంతకం నీదే కదా అని దావా కొట్టేశారు.

తర్వాత దాన్ని ప్లాట్లుగా కొట్టి, అమ్ముకోవడానికి కువైట్‌కే రావడం మొదలుపెట్టాడు. మిర్గాబులో బస్‌స్టాండు ఎదుటి హోటల్లో దిగేవాడు. శుక్రవారం అక్కడే హాలు తీసుకుని, మనవాళ్ళకు బిరియాని పెట్టి బయానాలు కట్టించుకునేవాడు. పోయినసారి నేను హాలు తలుపు దగ్గర అరిస్తే సెక్యూరిటీవాడు చెయ్యి పట్టుకుని రోడ్డు మీదికి తోశాడు. నువ్వు హోటల్ గెస్టువు కాదు, లోపల నిలబడడానికి లేదు అన్నాడు. ఆ మాట నాకు పనికొచ్చింది.

ఈసారి గురువారమే గది తీసుకున్నాను. ముప్పై దీనార్లు, పొద్దుటి నాస్తాతో కలిపి. రిసెప్షన్‌లో ఫిలిప్పీన్స్ అమ్మాయి నా బతాకా, అదే ఇక్కడి గుర్తింపు కార్డు, చూసి, నా చెప్పులు చూసి, "ఒక్కరేనా సర్?" అంది. ఇరవై రెండేళ్ళలో ఈ దేశంలో నన్ను సర్ అన్నది ఆమె ఒక్కతే. ఐదో అంతస్తులో గది. దుప్పటి పరుపు కిందికి ఎంత బిగించి దోపారంటే, లోపలికి దూరడానికి కాళ్ళతో తన్నాల్సి వచ్చింది. ముప్పై దీనార్లు రాబట్టుకోవాలని రెండుసార్లు వేడినీళ్ళ స్నానం చేశాను. బాగా నిద్రపట్టింది కూడా.

పొద్దున నాస్తా దగ్గర, గుడ్లు వడ్డించుకుంటూ బాషా నన్ను చూశాడు.

"బావా, నువ్వేంది ఈడ?"

"దిగినాను. ఐదొందల ఏడు."

"నువ్వా? ఈ హోటల్లోనా?"

"ఏం, నా లెక్క చెల్లదా?"

నేను గదికి పోయిన ఐదు నిమిషాలకు తలుపు కొట్టాడు. వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"బావా, రోడ్డు పక్కవి రెండు ప్లాట్లు నీ పేర రాస్తా. అక్కకు చెప్పినా, సంతోషపడింది. ఈ పొద్దు మాత్రం గమ్మునుండు."

"రెండేనా?"

"సరే, మూడు. మూడంటే ఎంతనుకున్నావు? ఒంటె పేడ ఎత్తి ఎత్తి చచ్చినా అంత సంపాదించలేవు నువ్వు."

మూడు ప్లాట్లంటే పదిహేను సెంట్లు. ఆలోచించలేదంటే అబద్ధం. ఒక ఇల్లు కట్టుకుని ఈ ఒంటెల్ని వదిలి పోవచ్చు. పేడ మాట అనకుండా ఉంటే ఒప్పుకునేవాణ్ణేమో.

"నువ్వు పొయ్యి హాలు చూసుకో, జనం వస్తాండారు" అన్నాను. ఒప్పుకున్నాననుకుని నా భుజం తట్టి పోయాడు.

హాలు దగ్గర ఆ సెక్యూరిటీవాడే ఉన్నాడు. గది కార్డు చూపించాను. తలుపు తీసి పట్టుకున్నాడు. పోయి ముందు వరసలో కూర్చున్నాను. పక్కన ఆసియా బీ అనే చిన్నమండెం మనిషి. సబా అల్ సలేంలో, మామా అని పిలిచే అరబ్బు యజమానురాలి దగ్గర ఇంటిపని చేస్తుంది. ఒళ్ళో సంచీ, చేతిలో బాషా పంచిన ఫైలు.

"అక్కా, ముందు దస్తావేజులు చూసినావా?"

"అంతా ఇంగ్లీషు గదన్నా. ఏం చదివేది?"

"చదవ పన్లేదు. ఆఖరి కాయితంలో ఫొటో చూడు."

తిప్పింది. ఎంబసీ ముద్ర పక్కన నేను, నల్ల మీసంతో. ఫొటో చూసి నన్ను చూసింది. నా బతాకా ఆమె చేతిలో పెట్టాను.

"ఇది నువ్వే."

"నేనే. పట్టా మార్పిస్తానంటే సంతకం పెట్టినా. నేను అమ్మలేదు. పైసా ముట్టలేదు."

ఆమె లేచింది. మైకు అక్కర్లేని గొంతు. "బాషా అన్నా, ఈ భూమి ఆసామి ఈడనే కూర్చోనుండాడు. ఆయనకు ఎంత ఇచ్చినావో అందరికీ చెప్పు."

బాషా నవ్వబోయాడు. "మా బావే అక్కా. ఇంటి గొడవ."

"ఇంటి గొడవైతే ఇంట్లో తీర్చుకోని రా. మామా ఇంట్లో బాత్రూములు కడిగి దాచినా నేను ఈ లెక్క."

వెనక వరసల్లో ఫైళ్ళు తిప్పే చప్పుడు. అందరికీ కనబడాలని నేను లేచి నిలబడి, వాళ్ళ వైపు తిరిగాను. బాషా సెక్యూరిటీవాణ్ణి చేత్తో పిలిచాడు. వాడు నా దగ్గరికొచ్చి, ఏమైనా ఇబ్బందా సర్ అని అడిగాడు. ఏమీ లేదన్నాను.

వడ్డన మొదలుకాకముందే హాలు ఖాళీ అయింది. ముప్పై నలుగురు వచ్చారు, ఒక్కరూ కట్టలేదు.

"మూడు ప్లాట్లు పోగొట్టుకున్నావు బావా" అన్నాడు బాషా, కుర్చీలో కూలబడి.

"నీవి ఎన్ని పోయినాయో లెక్కబెట్టుకో" అని పళ్ళెం నిండా బిరియాని పెట్టించుకుని, వాడి ఎదురుగా కూర్చుని తిన్నాను.

ఆ మధ్యాహ్నం నుంచి పర్వీన్ నాతో ఫోన్లో మాట్లాడడం లేదు. బాషా ఆ తర్వాత కువైట్ ముఖం చూడలేదు. ప్లాట్లలో కంపచెట్లు మొలిచాయని చూసొచ్చినవాళ్ళు చెబుతున్నారు. మొలవనీ. వాడికి దక్కలేదు, నాకూ రాలేదు. నాకు పోయింది గాలివీడు రోడ్డులో మూడెకరాల నలభై ఒక్క సెంట్లు.