రెప్ప వాలనంతసేపు

కంటి ఆసుపత్రిలో స్కాను గది తొమ్మిదింటికి తెరుస్తారు. స్కానక్క ముందుగా యంత్రం మీద గడ్డం ఆనించే చోటు స్పిరిటుతో తుడుస్తుంది, తర్వాత రోగిని కూర్చోబెడుతుంది, ఆ తర్వాత చెప్పులు విడిచి కంట్లోకి వెళ్తుంది. స్టూలు కింద చెప్పులుంటే ఆవిడ లోపలుందని అందరికీ తెలుసు, తలుపు కొట్టరు. ఆవిడ నడిచినకొద్దీ రెటీనా ఒక్కో పొరా విడివిడిగా స్క్రీను మీద కనిపిస్తుంది. ఒకటే చిక్కు. రెప్ప పడిందంటే కన్ను ఆవిడని బయటికి నెట్టేస్తుంది.

ఆవేళ వచ్చింది నాలుగేళ్ల పాప. కుదురన్న మాటకీ దానికీ ఆమడ దూరం. వారం కిందట మొదటిసారి వచ్చినప్పుడు అది మెసిలిన మెసులుడికి స్కానంతా అలికేసినట్టయింది. ఆ మసకలో కంట్లో ఉన్న గడ్డ అడుగుపొరల దాకా దిగినట్టు కనబడి, డాక్టరమ్మ క్యాన్సరే అనుకుంది. ప్రాణం దక్కాలంటే కన్ను తీసేయాలంది. ఆపరేషను రేపే.

స్కానక్కకి మనసొప్పలేదు. "మసక బొమ్మ చూసి కన్ను తీసేస్తామా మేడమ్? ఇంకొక్కసారి వెళ్లొస్తా."

"సరే, వెళ్లిరా," అంది డాక్టరమ్మ.

"అమ్మడూ, నీ కంట్లోకి వస్తున్నా. రెప్ప వేశావో, నన్ను గెంటేసినట్టే!"

"లోపల ఏముంది?"

"చూసొచ్చి చెప్తాగా."

పాప పళ్లు బిగించింది. కన్నెర్రబడి నీళ్లు ధారగా కారుతున్నా రెప్ప వాల్చలేదు. తలుపు దగ్గర తల్లి గుండె చిక్కబట్టుకుని నిలబడింది.

గడ్డ పైపొరలోనే తిష్ట వేసింది. గడ్డ నిండా చెదలు తిన్నట్టు బొక్కలు, మధ్యమధ్య సున్నపు పలుకులు. స్కానక్క కింది పొరలన్నీ అరచేత్తో తడిమి చూసింది. ఒక్కటీ చెదరలేదు, హమ్మయ్య! ఒక పలుకు గిల్లి తెచ్చి డాక్టరమ్మ చేతిలో పెట్టింది.

డాక్టరమ్మ పలుకూ చూసింది, స్క్రీనూ చూసింది. "క్యాన్సర్ కాదు. నా సర్వీసులో ఇలాంటి గడ్డ ఇది రెండోది. దీని మానాన ఇది పడుంటుంది. నేనే తొందరపడ్డాను," అంటూ థియేటరుకి ఫోను చేసి ఆపరేషను రద్దు చేయించింది. "కన్ను తీయక్కర్లేదమ్మా. ఆరు నెలలకోసారి స్కానుకి తీసుకురండి, చాలు."

తల్లి వచ్చి పాప ముందు కూర్చుంది. వారంగా ఆమె కూతురి ముఖం చూడకుండానే అన్నం పెట్టింది, ముఖం చూడకుండానే నిద్రపుచ్చింది. ఇప్పుడా ముఖాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుని తనివితీరా చూసింది.

"అమ్మా, నీ కంట్లో నేనున్నా!" అని అరిచింది పాప.

"ఉండు తల్లీ," అంది ఆమె, "అక్కడే ఉండు."