కాలరు కాగితం మీది అంకె

టైలరు మాస్టారికి కాలేయంలో క్యాన్సరు గడ్డ ఉందని తేలినప్పటినుంచీ ఆ ఇంట్లో అంకెలు మారిపోయాయి. అంతకుముందు ఛాతీ ముప్పై ఎనిమిది, నడుము ముప్పై నాలుగు అని వినిపించేవి. ఇప్పుడు ఒకే ఒక్క అంకె. రక్తం తీసి, ఎ.ఎఫ్.పి. అనే పరీక్ష చేసి, కాగితం మీద అచ్చువేసి ఇచ్చే అంకె. గడ్డ ఏదో ప్రోటీనును రక్తంలోకి వదులుతుందట. మందు పనిచేస్తే అది తగ్గుతుంది, చెయ్యకపోతే పెరుగుతుంది. డాక్టరమ్మ తేలిగ్గానే చెప్పింది. ఆ కాగితం చేతికి వచ్చేదాకా మనిషి పడే యాతన సంగతి మాత్రం ఆమె చెప్పలేదు.

మాస్టారి భార్యను వీధంతా కాజాలక్క అంటారు. ఆయన కత్తిరించి కుడితే, కాజాలూ గుండీలూ ఆమెవి. ముప్పై ఏళ్లుగా ఒకే గదిలో, ఒకే లైటు కింద పని. ఆయనకు నోరెక్కువ, ఆమెకు మాట తక్కువ. అలా సరిపోయింది.

మొదటి అంకె ఎనిమిది వందల నలభై. గడ్డకు వెళ్లే రక్తనాళంలోంచే మందు పంపారు. ఆరు వారాలకు మూడు వందల పది. ఆ రోజు మాస్టారు మిషను తొక్కుతూ కూనిరాగం తీశారు. ఉన్నట్టుండి ఆపి, "ఒక్క మాట విను. తగ్గుతున్నంతకాలం ఎన్ని సూదులైనా పొడిపించుకుంటా. పెరిగిందా, ఇక ఆసుపత్రి గడప తొక్కను. నన్ను బతిమాలొద్దు," అన్నారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. అన్నారంటే అన్నట్టే.

మూడోసారి రిపోర్టు కోసం కాజాలక్క ఒక్కతే వెళ్లింది. ఐదు వందల ఇరవై. డాక్టరమ్మ కూర్చోబెట్టి, "ఒక్క అంకెతో ఏదీ తేల్చలేమమ్మా. మూడు వారాలాగి మళ్లీ రక్తం చూద్దాం, స్కానూ తీద్దాం. అప్పటికీ పెరుగుతుంటే మందు మారుద్దాం. ఆయన్ని మాత్రం తప్పకుండా తీసుకురండి," అంది.

ఆ తీసుకురావడమే కదా గండం!

ఇంటికొచ్చేసరికి మాస్టారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. "ఎంతట?"

"రెండొందల పది." తన నోరు అంత తేలిగ్గా అబద్ధం ఆడగలదని ఆమెకు అప్పుడే తెలిసింది.

"కాగితమేదీ?"

"వాళ్లే ఉంచుకున్నారు. ఫైల్లో పెడతారట."

సాయంత్రం ఆయన అక్క ఫోన్ చేస్తే, "తగ్గింది వదినా, బాగా తగ్గింది," అని అక్కడా అదే పాట. ఇక అసలు కాగితం. చింపేద్దామంటే చేతులు రాలేదు. బీరువాలో పెడితే ఆయనకు దొరుకుతుంది. చివరికి మిషను పక్కనున్న పాత కాగితాల కట్ట అడుగున దూర్చింది. కాగితాల్లో కాగితం, ఎవరు చూస్తారులే అనుకుంది. ఆ కట్ట ఎందుకుందో తెలుసా? బట్ట మీద పరిచి కత్తిరించే అచ్చులకు, అంటే పేపరు కటింగులకు, మాస్టారు కాగితాలు తీసుకోవడానికి! బట్టలు కుట్టే ఇంట్లో అంతకంటే తెలివితక్కువ చోటు మరొకటి లేదు. ముప్పై ఏళ్లు ఆ కట్ట పక్కనే కూర్చున్న మనిషికి ఈ సంగతి తట్టలేదంటే, భయం ఎంత పని చేస్తుందో చూడండి.

ఆ మూడు వారాలూ ఇల్లు కళకళలాడింది. "రెండొందల పదికి దిగినవాణ్ణి, కాస్త మర్యాదగా మాట్లాడు," అని మాస్టారు వేళాకోళమాడేవారు. ఆమె నవ్వేది. నవ్వి, వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకునేది.

పరీక్ష రోజు పొద్దున్నే మాస్టారు పిలవకుండానే తయారై కూర్చున్నారు. కాజాలక్క గది సర్దుతూ, బల్లమీది కాలరు కటింగును మేకుకు తగిలించబోయింది. గట్టి తెల్ల కాగితం. వెనక్కి తిప్పితే సగం తెగిన ల్యాబు పేరు, దాని కింద 520. అంచులు నలిగి ఉన్నాయి. పది కాలర్లయినా దానిమీద కత్తిరించి ఉంటారు.

"ఇదెప్పుడు కోశారు?" కటింగు ఆయన ముందు పట్టుకుని అడిగింది.

మాస్టారు చెప్పులు వేసుకుంటూ ఆగారు. "నువ్వు దాచిన మర్నాడే. కాలరుకి గట్టి కాగితం కావాల్సొచ్చింది. ఆసుపత్రివాళ్లు మంచి కాగితమే వాడతారు."

"తెలిసి కూడా వస్తున్నారా? పెరిగితే గడప తొక్కనన్నారుగా?"

"అన్నాను." ఆయన రెండో చెప్పు కూడా వేసుకున్నారు. "ముందు ఒళ్లు మండింది. తర్వాత ఆలోచించా. కాజాలో ఒక్క కుట్టు కూడా ఎగ్గొట్టనిదానివి, నా మొహమ్మీద అంత అబద్ధం ఆడావు. అంటే నీకు నేనింకా కావాలన్నమాట. ముప్పై ఏళ్లలో ఒక్కసారైనా చెప్పావా, పిచ్చిదానా?"

"మీరెప్పుడైనా అడిగారా?" అని ఆమె భోరుమంది. ఆయన దగ్గరికొచ్చి, ఏం చెయ్యాలో తెలియక, ఆమె భుజానికి అంటుకున్న దారప్పోగు తీశారు.

దారిలో కాజాలక్క డాక్టరమ్మ చెప్పినవన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. మాస్టారు అంతా విని, "ఇకమీద ఉన్నది ఉన్నట్టే చెప్పు," అన్నారు.

రక్తం తీశారు, స్కాను తీశారు. మధ్యాహ్నానికి కిటికీలోంచి రిపోర్టు ఇచ్చారు. బెంచీ మీద ఆయన పక్కన కూర్చుని ఆమె కాగితం విప్పింది. చదివింది. మళ్లీ చదివింది. ఇంకో చిన్న అంకె నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"ఐదొందల ఎనభై. పెరిగిందండీ."

మాస్టారు కాగితం తీసుకుని ఆ అంకెను తనూ చూశారు. ఆయన ఎక్కడ లేచి బయటికి నడుస్తారోనని ఆమె భయపడింది.

"సరే," అన్నారు చివరికి. "ఆ రెండో మందేదో ఆవిణ్ణే అడుగుదాం, పద."

తను లేచి, ఆమె లేవడానికి ఆసరాగా చెయ్యి చాచారు. నలుగురిలో ఆయన ఆమెకు చెయ్యి అందించడం అదే మొదటిసారి. కాజాలక్క గట్టిగా పట్టుకుంది. ఇద్దరూ డాక్టరమ్మ గదికేసి నడిచారు.