పదో వంతు మిల్లీమీటరు

ఇంత సన్నగా ఉండి నేను సాధించినదేమిటి?

ఈ ప్రశ్న నన్ను నేను వేసుకోవడం కొత్త కాదు. జవాబు చిక్కకపోవడమూ కొత్త కాదు. నేను ఒక టెక్నికల్ పెన్నును. నా మొన మందం మిల్లీమీటరులో పదో వంతు. నాకు పాళీ లేదు. పాళీ ఉండవలసిన చోట ఒక లోహపు గొట్టం, ఆ గొట్టంలో కంటికి ఆనని తీగ ఒకటి ఉంటాయి. ఎవరైనా నన్ను ఊపినప్పుడు ఆ తీగ పైకీ కిందికీ ఆడి సిరాకు దారి ఇస్తుంది. నా శరీరమంతా ఇదే. మామూలు కలాన్ని నొక్కితే గీత లావెక్కుతుంది, వదిలితే సన్నబడుతుంది. పట్టుకున్న చేతిలోని కోపమూ జాలీ దానికి తెలుస్తాయి. నాకు అటువంటి భాగ్యం లేదు. ఏ మనసుతో పట్టుకున్నా నానుంచి వచ్చేది ఒకే గీత. తన స్వభావాన్ని వెంట్రుకవాసి కూడా సడలించుకోలేని వస్తువుకు స్వేచ్ఛ అనే మాట వర్తిస్తుందా అని నేను చాలాకాలం ఆలోచించాను. ఆలోచించడానికి నాకు తీరిక ఎక్కువ. మూత బిగించిన పెన్నుకు వేరే పని ఏముంటుంది?

నన్ను తయారుచేసిన కార్ఖానా ఏ ఊళ్లో ఉందో నాకు గుర్తు లేదు. ఒక స్త్రీ కంటికి భూతద్దం తగిలించుకుని నా తీగను గొట్టంలోకి దించడం మాత్రం గుర్తుంది. తొమ్మిదిసార్లు తీగ వంగింది. పదోసారి దిగింది. ఆమె గట్టిగా నిట్టూర్చి నన్ను పక్కన పడేసి తరువాతి గొట్టం అందుకుంది. ఈ లోకంలో నేను విన్న మొదటి మానవ శబ్దం విసుగు. బహుశా అది నాకు అంటుకుని ఉంటుంది.

నా మొదటి యజమాని పరాంకుశం. ఒక జిల్లా నీటిపారుదల కార్యాలయంలో డ్రాఫ్ట్స్‌మన్. పని మొదలుపెట్టే ముందు బల్లను రెండుసార్లు తుడిచేవాడు. అరచేతి చెమట ట్రేసింగ్ కాగితానికి తగలకుండా చేతికింద ఒక పాత పోస్టుకార్డు పెట్టుకునేవాడు. కొండల ఎత్తులను చెప్పే వంకర గీతలను నాచేత గీయించేవాడు. ఒక గీత మొదలుపెడితే అది చుట్టు తిరిగి తన తోకను తాను అందుకునేదాకా చెయ్యి ఎత్తేవాడు కాదు. ఆ పటాన్ని చూసిన ప్రతి ఇంజనీరుదీ ఒకటే మాట.

“పరాంకుశం గారూ, గీత ఇంకొంచెం సన్నగా రావాలండీ.”

“ఇంతకంటే సన్నగా అంటే గీయకుండా వదిలేయాలండీ” అనేవాడు ఆయన, తల ఎత్తకుండానే.

పదకొండేళ్లు గీశాం. ఆ పటాల ఆధారంగా కట్టవలసిన జలాశయం కట్టలేదు. పటాలను చుట్టలు చుట్టి ఇనుప బీరువాలో పెట్టారు. బీరువా వెనకభాగం తుప్పుపట్టి చిల్లు పడింది. మా గీతలను ఆసాంతం శ్రద్ధగా పరిశీలించినవి చెదపురుగులు మాత్రమే.

తరువాత ఆ కార్యాలయానికి కంప్యూటర్లు వచ్చాయి. పరాంకుశం పదవీ విరమణ చేసి, నన్నూ, నాకంటే లావు మొనలున్న నా తోటి పెన్నులనూ డబ్బాతో సహా మేనకోడలు హైమవతి చేతిలో పెట్టాడు. ఆమెకు అప్పుడే విశాఖపట్నంలో ఒక కళాశాల వృక్షశాస్త్ర విభాగంలో చిత్రకారిణిగా ఉద్యోగం వచ్చింది. మొక్కలను ఉన్నవి ఉన్నట్టుగా సిరాతో గీయడం ఆమె పని. మొదటివారం మేనమామే పక్కన కూర్చుని నేర్పాడు.

“నిటారుగా పట్టుకోవే. ఇది ఇంజెక్షను కాదు, పొడవక్కర్లేదు. కాగితం మీద నిలబెట్టు, చాలు.”

“నిలబెడితే చుక్క వంకరగా పడుతోంది మావయ్యా.”

“ఊపిరి పీలుస్తూ పెడుతున్నావు. వదిలాక పెట్టు. ఆత్రం దేనికి, మొక్క ఎక్కడికీ పారిపోదు.”

హైమవతి త్వరగా నేర్చుకుంది. ముందు పెన్సిలుతో ఆకారం, దానిమీద నాతో అంచుగీత. ఒక ఆకు ఇంకొక ఆకు వెనకకు వెళ్లే చోట గీతను తాకించకుండా సన్నని తెల్లని సందు వదిలేది. ఆ సందువల్లనే ఏది ముందో ఏది వెనకో చూసేవారికి తెలుస్తుంది. నీడల కోసం చుక్కలు పెట్టేది. నా దగ్గర లేత నలుపు, ముదురు నలుపు అని రెండు లేవు. చుక్కలు దూరంగా ఉంటే వెలుగు, దగ్గరైతే నీడ. పొరపాటు జరిగితే బ్లేడు అంచుతో సిరాను గీకి, ఆ చోటును గోటితో నునుపు చేసి మళ్లీ గీసేది.

ఆమె గదిలో కిటికీ కుడివైపున ఉంది. మొక్కమీద వెలుగు కుడినుంచే పడేది. అయినా బొమ్మలో వెలుగు ఎడమవైపు పైనుంచి పడాలి. అది ఈ వృత్తిలో ఆచారం. అందువల్ల ఆమె కళ్లెదుట ఉన్న నీడను పక్కనబెట్టి, నియమంలో ఉన్న నీడను గీసేది. ఉన్నది ఉన్నట్టు గీయడమంటే ఇదేనా అని నాకు అనుమానం కలిగింది. మనుషులకు కలగలేదు. వాళ్లు దానికి శాస్త్రీయత అని పేరు పెట్టుకుని నిశ్చింతగా ఉన్నారు.

నన్ను ఎక్కువగా విసిగించినది అది కూడా కాదు. గదిలోకి వచ్చినవాళ్లందరూ బల్లమీదికి వంగి, “అబ్బ, ఎంత సన్నగా గీశారండీ” అనేవారు. కొందరు భూతద్దం అడిగి తీసుకుని మరీ అనేవారు. ఇది ఏ మొక్క, ఎక్కడ పెరుగుతుంది, ఎవరికి పనికివస్తుంది అని అడిగినవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేటంతమంది లేరు. ఏళ్ల తరబడి విని విని హైమవతికి ఆ మెప్పు అలవాటయింది. డబ్బాలోని మిగతా పెన్నులను తీయడం మానేసింది. అంచులకూ నన్నే, ఆకుల ఈనెలకూ నన్నే, నీడలకూ నన్నే వాడింది. నిజం ఒప్పుకోవాలి. ఆ మెప్పు నాకూ అలవాటయింది.

అటువంటి రోజుల్లో విభాగాధిపతి సోమయాజులు గారు ఒక చిన్న పుస్తకం తలపెట్టారు. ఏజెన్సీ గ్రామాల్లో ఆరోగ్య కార్యకర్తలకూ తల్లులకూ పనికివచ్చే మందుమొక్కల పుస్తకం. చదువు రానివారు కూడా బొమ్మ చూసి ఆకు గుర్తుపట్టగలగాలి. కొండలమీదినుంచి మొక్కలు తెచ్చే పని కొర్ర భీమన్నది. పాడేరు వైపు మనిషి, అరవై దాటినవాడు. ఆయన చిన్న కోడలే, చదువు అంతంతమాత్రమైనా, వాళ్ల ఊరి ఆరోగ్య కార్యకర్త.

భీమన్న తెచ్చినవాటిలో ఒకదాన్ని వాళ్ల ఊళ్లో నూగాకు అంటారు. పసిపిల్లలకు జ్వరం వస్తే దాని కషాయం పట్టిస్తారు. అదే వాలులో, దాని పక్కనే, నున్నాకు అనే ఇంకొక మొక్క పెరుగుతుంది. ఆకు అదే, పువ్వు అదే. దాని కషాయం పసిబిడ్డకు పట్టిస్తే ఆగని వాంతులతో బిడ్డ ప్రాణంమీదికి వస్తుంది. రెండింటికీ తేడా ఒక్కటే, మొదటిదాని కాండంమీద నూగు ఉంటుంది. భీమన్న ఆ కాండాన్ని హైమవతి మణికట్టు లోపలివైపు రాసి చూపించాడు. “సూసినారా, పిల్లి నాలికలాగుంటది” అన్నాడు.

ఆ ఒక్క బొమ్మకు పందొమ్మిది రోజులు పట్టింది. నూగులో వెంట్రుక అన్నది మొదట్లో లావుగా, కొనలో సన్నగా ఉండాలి. నాకు అలా గీయడం రాదు గనుక హైమవతి ఒక్కొక్క వెంట్రుకను రెండు గీతలతో కట్టింది. ఒకటి కాండం నుంచి కొనదాకా, రెండోది దాన్ని ఆనుకుని సగందాకా. రెండు వేల వెంట్రుకల వరకూ లెక్కపెట్టి తరువాత మానేసింది. బొమ్మ పూర్తయిన రోజున విభాగమంతా వచ్చి చూసింది. అందరూ ఏమన్నారో మళ్లీ చెప్పను.

నెల తిరిగాక ముద్రణాలయం నుంచి ప్రూఫు కాగితాలు వచ్చాయి. బొమ్మలను మూడో వంతుకు కుదించి అచ్చువేశారు. అది శనివారం. భీమన్న ఏదో కొత్త తీగ తెచ్చి గదిలో బెంచీమీద కూర్చుని ఉన్నాడు. హైమవతి ఉత్సాహంగా ఆ కాగితం ఆయన చేతికిచ్చింది.

“చూడు భీమన్నా, మన నూగాకు.”

ఆయన దాన్ని దగ్గరగా పట్టుకుని చూశాడు, చేయి చాచి దూరంగా పెట్టి చూశాడు, బొటనవేలితో కాండాన్ని తడిమాడు.

“ఇది నున్నాకు గదమ్మా.”

“నూగాకేనయ్యా. నువ్వు తెచ్చిందే గదా.”

“నాను తెచ్చినదానికి నూగున్నాది. దీనికేటి, మంగలోడు గొరిగేసినట్టున్నాది.”

హైమవతి నవ్వింది. భీమన్న నవ్వలేదు.

“మా కోడలు ఈ కాయితం సూసుకునేనా ఆకు కోసేది? అయితే నున్నాకే కోస్తది. కోసి దాని బిడ్డకే ముందు పడతది. దాన్ని తప్పుపట్టలేం గదమ్మా.”

హైమవతి భూతద్దం తీసి ప్రూఫుమీద పెట్టింది. కాండానికి నీడవైపున నా చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి నల్లని మచ్చ అయ్యాయి. వెలుగువైపున నా గీతలు అసలు లేవు. రెండు వేల వెంట్రుకల్లో ఒక్కటీ మిగలలేదు. ఆమె ప్రూఫుతోపాటు నన్ను కూడా పిడికిట్లో పట్టుకునే సోమయాజులు గారి గదికి నడిచింది. అందువల్ల అక్కడి సంభాషణ నేను విన్నాను.

“కాండము నూగు కలిగి ఉండును అని కింద రాశాం కదమ్మా” అన్నారు ఆయన.

“చదవగలిగినవాళ్లకు బొమ్మెందుకండీ?”

“బొమ్మ ఎంత అందంగా వచ్చిందో చూడండి. ప్రెస్సువాళ్లు కూడా మెచ్చుకున్నారు.”

“అందం వచ్చిందండీ. నూగు రాలేదు.”

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. “సోమవారం పొద్దున్న అన్నీ ప్రెస్సులో ఉండాలి. మీకు పందొమ్మిది రోజులు పట్టిన బొమ్మ ఇది. ఒకటిన్నర రోజులో మళ్లీ ఎలా వేస్తారు? రెండో ముద్రణలో సరిచేద్దాం.”

ఈలోగా ఆ బొమ్మ చూసి ఎవరో ఒకరు నున్నాకు కోస్తారు. ఇద్దరికీ తెలుసు.

తిరిగి వచ్చి హైమవతి అసలు బొమ్మను గోడకు గుచ్చింది. వెనక్కి నడిచింది. గది చాలక వరండాలోకి వెళ్లి, అక్కడినుంచి చూసింది. కాండం నున్నగా ఉంది. మూడో వంతుకు కుదించే బొమ్మను మూడు రెట్ల దూరం నుంచి చూసుకుంటూ గీయాలని ఈ పని చేసేవారందరికీ తెలుసు. హైమవతికీ తెలుసు. కానీ పందొమ్మిది రోజుల్లో ఒక్కసారి కూడా ఆమె కుర్చీ వదిలి దూరం వెళ్లలేదు. దగ్గరనుంచి అది అంత బాగుండేది.

ఆమె ఆ గోడమీదనుంచి బొమ్మను తీసి, దానిమీద కొత్త ట్రేసింగ్ కాగితం పరిచి, మళ్లీ నన్నే తీసింది. పది వెంట్రుకలను మునుపటికంటే ఒత్తుగా గీసి, గోడకు గుచ్చి, వరండాలోకి వెళ్లి చూసి వచ్చింది. ఇంకొక పది గీసింది. మళ్లీ వెళ్లి వచ్చింది. దూరం నుంచి అది బూడిద రంగు మరకలా ఉన్నదని ఆమె ముఖం చూస్తే తెలుస్తోంది. నాకు అరవాలనిపించింది. నన్ను కాదమ్మా, నన్ను పక్కన పెట్టు అని చెప్పడానికి నాకు ఉన్న నోరు ఒక్కటే, అందులోంచి పదో వంతు మిల్లీమీటరు గీత తప్ప ఇంకేమీ రాదు.

“అమ్మా, మీరు గీసింది మీకే అవుపడతంది” అన్నాడు భీమన్న, బెంచీమీదినుంచి. ఆ గొంతులో ఎగతాళి లేదు.

ఇన్నేళ్లూ నా బాధ నా మందం మార్చుకోలేకపోవడమని అనుకున్నాను. ఆ క్షణాన వేరే విషయం తెలిసింది. నన్ను చూడటానికి భూతద్దం కావాలన్న మాటను నేను ప్రశంసగా విన్నాను. అది ఫిర్యాదు. గీత అనేది ఒకరు గీసి ఇంకొకరు చూసేది. రెండోవారి కంటికి చేరని గీత ఎంత నిర్దుష్టమైనా, గీసినవారు తమకు తాము చెప్పుకున్న మాట మాత్రమే. ఆ మాటలో నేనూ పాలుపంచుకున్నాను. అది తలచుకుంటే నామీద నాకే చికాకు కలిగింది.

హైమవతి నాతో గీసిన కాగితాన్ని తీసేసి, బొమ్మమీద ఇంకొక ట్రేసింగ్ కాగితం పరిచింది. తరువాత, “రెండు వేలు అక్కర్లేదు” అంది.

“ఏటమ్మా?” అన్నాడు భీమన్న.

“వెంట్రుకలు. అరవై చాలు. లెక్క తప్పితే తప్పనీ. నూగుందని తెలిస్తే చాలు.”

డ్రాయరు లాగి నా డబ్బాలోనుంచి అర మిల్లీమీటరు పెన్నును తీసింది. ఏళ్లుగా ఎవరూ తాకని పెన్ను. దాని మొనను గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, తుడిచి, విదిలించింది. మొన తెరుచుకుంది గాని లోపల సిరా లేదు. సీసా అడుగున మిగిలిన సిరా జిగురులా గట్టిపడింది. కొత్త సీసా కోసం పెట్టిన కాగితం రెండు నెలలుగా ఆఫీసులో సంతకానికి ఎదురుచూస్తోంది.

“సిరా నేదేటి?”

“ఉంది” అంది హైమవతి. ఆమె చూపు నామీద ఉంది.

నా మరలు విప్పింది. నాలోని సిరాగొట్టాన్ని ఆ లావు పెన్ను సిరాగొట్టంలోకి వంచింది. ఎన్నో నెలలకు సరిపోతుందని నేను దాచుకున్న సిరా అది. ఒక్క బొట్టు కూడా పట్టి ఉంచుకోకూడదని అనుకున్నాను. అంతా వదిలేశాను. ఖాళీ అయిన నన్ను ఆమె కడిగి గుడ్డమీద ఆరబెట్టింది. బెంచీని తన బల్ల పక్కకు జరపమని భీమన్నతో చెప్పి, నూగాకు కొమ్మను ఆయన చేతికిచ్చి కదలకుండా పట్టుకోమంది. లావు పెన్నును రెండుసార్లు ఊపి, మొనను కాగితానికి ఆనించి, కాండంమీద మొదటి వెంట్రుకను గీసింది.