ఆరు నిమిషాల కుదురు

నేను ఒక పాలపొడి డబ్బాను. ముప్పై ఏళ్లు నాతో బొమ్మలు తీసిన చిన్నంనాయుడు మాస్టారు ఒక్కసారి కూడా నా ముందు కుదురుగా కూర్చోలేదు. ఇందులో వాదన లేదు.

పాలపొడి అయిపోయాక ఆయన భార్య రవణమ్మ నన్ను పారేయబోతే మాస్టారు లాక్కున్నారు. లోపల నల్లరంగు పూశారు. పక్కన సూదిమొనతో ఒక బెజ్జం పెట్టి, దానికి నల్ల టేపు అంటించారు. చీకటిగదిలో ఫొటో కాగితం లోపల పెట్టి మూత బిగిస్తే నేను కెమెరానే. కాకపోతే నిదానం. నీడపట్టున ఒక బొమ్మకు ఆరు నిమిషాలు కావాలి. అంతసేపూ కదలకుండా ఉన్నదే నాకు ఆనుతుంది. నడిచేవాళ్లు నా లెక్కలో లేరు.

మాస్టారు ఫొటోలు తీయడం నేర్పే ఆర్ట్స్ కాలేజీలో పిల్లలు మొదట నవ్వారు.

"కెమెరా అంటే డబ్బా తెచ్చారేటి సార్?"

"కొన్న కెమెరా నీకేం నేర్పదురా. ఇది నేర్పుతాది."

నేర్పాను. ప్రిన్సిపాల్ గారు అటూ ఇటూ తిరుగుతూ ఉపన్యాసం ఇచ్చిన రోజు బొమ్మలో మైకు ఒక్కటే పడింది. పిల్లలు ఆ బొమ్మను ఏడాదంతా దాచుకున్నారు. మాస్టారు పనసాకుల మీద ఫిల్ము పరిచి, ఎండలో పెట్టి, వాటి మీద కూడా బొమ్మలు తెప్పించారు. పేరొచ్చింది. ఊళ్లూ తిరిగారు. ఇంట్లో బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చున్న రవణమ్మ మాత్రం నాకు ఎన్నిసార్లో దొరికింది. మొహం స్పష్టం, చేతులు పొగమంచు.

ఆమెకు ఒకటే కోరిక. ఇద్దరూ కలిసి ఉన్న బొమ్మ.

రిటైరైన రోజు కాలేజీ వరండాలో ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "ఆరు నిమిషాలు కూకోండి. ఆ తరవాత మీ ఇష్టం."

"కదిలితే ఒట్టు" అన్నారు మాస్టారు.

కుసుమ అనే విద్యార్థిని నా టేపు తీసి గడియారం చూస్తోంది. రెండో నిమిషంలో ఎదురుగా ఎవడో కుర్రాడు ఇంకో డబ్బాను చేత్తో ఎత్తి పట్టుకున్నాడు.

"ఒరేయ్, చెయ్యి వణుకుతోంది! గోడకి ఆనించు!"

అని అరుస్తూ మాస్టారు లేచి వాడి దగ్గరికి వెళ్లిపోయారు. ఐదో నిమిషంలో వచ్చి, ఏమీ ఎరగనట్టు మళ్లీ అలాగే కూర్చున్నారు. రవణమ్మ కన్ను కూడా ఆర్పలేదు.

బొమ్మ వచ్చింది. ఆమె నిండుగా ఉంది. పక్కన ఆయన పల్చగా, గుండెలోంచి వెనక గోడ ఇటుకలు కనబడుతూ.

మాస్టారు తల దించుకున్నారు. రవణమ్మ కాగితాన్ని వెలుతురుకి పెట్టి చూసి నవ్వింది.

"పోనీలెండి. ముప్పై ఏళ్లలో నాకు దక్కింది కూడా ఇంతే కదా. సరిగ్గానే పడింది."

ఇంటికెళ్లే దాకా ఆ బొమ్మను ఆయన చేతికివ్వలేదు.

ఇప్పుడు దాని నకలు కాలేజీ గ్యాలరీలో వేలాడుతోంది. కింద అద్దాల బీరువాలో నేను. చోటు బాగుంది, తేమ లేదు. వచ్చినవాళ్లు బొమ్మ ముందు నిలబడి, మనిషి అశాశ్వతత్వాన్ని మాస్టారు ఎంత గొప్పగా చూపించారో అంటారు.

అదేం కాదు. ఆయన లేచి వెళ్లారు. అంతే.

చెప్పాల్సింది చెప్పేశాను. ఇక ఎవరడిగినా దీని గురించి మాట్లాడను. నా మూత బిగించే ఉంది.