ఒక్కతే ఉన్న క్లాసు

కావేరి తలుపు తోసేసరికి క్లాసులో ఎవరూ లేరు. జనవరి పొగమంచు కిటికీ అద్దాలను కప్పేసింది. ట్యూబులైట్లు వెలుగుతున్నా గది మసకగానే ఉంది. నిన్నటిదాకా వచ్చిన నలుగురూ రాత్రి డేటా అనలిటిక్స్‌కు మారిపోయామని గ్రూపులో మెసేజ్ పెట్టారు. వాళ్లలో సాత్విక మాత్రం విడిగా, "సారీ యార్, నువ్వూ మారిపో" అని రాసింది.

మ్యాథ్స్ ఆనర్స్ చివరి సెమిస్టరులో ఉన్నత బీజగణితం ఎంచుకున్నవాళ్లలో ఇక మిగిలింది కావేరి ఒక్కతే. గడువు తేదీకి పదిమంది లేకపోతే ఆ పేపరు ఎత్తేస్తారు. డేటా అనలిటిక్స్ చెప్పడానికి కాలేజీ ఒక ప్రైవేటు కంపెనీని పిలిచింది. దానికి ఫీజు వేరే. అందులో కాలేజీకీ వాటా ఉంది. ఉద్యోగాలొస్తాయని డిపార్ట్‌మెంట్ హెడ్ మేడమ్ క్లాసు క్లాసుకూ వెళ్లి చెప్పింది. కావేరికి మాత్రం మ్యాథ్స్‌లో ఎమ్మెస్సీ చెయ్యాలని ఉంది. ఈ పేపరు చదవకుండా ఆ ప్రవేశ పరీక్షకు కూర్చోవడం దండగ.

త్యాగరాజు సార్ ఘాజియాబాద్ నుంచి మెట్రోలో వచ్చారు. మఫ్లర్ తీయకుండానే ఖాళీ బెంచీల వైపు చూశారు. ఆయన గెస్ట్ లెక్చరర్. చెప్పిన క్లాసుకే జీతం. తెనాలి దగ్గరి ఊరు వదిలి ఢిల్లీ వచ్చి పన్నెండేళ్లయినా ఏ కాలేజీ ఆయన్ని పర్మనెంటు చెయ్యలేదు.

"నువ్వొక్కదానివేనా అమ్మా?"

"నేనొక్కదాన్నే సార్."

"అయితే ఇంగ్లీషెందుకులే," అని సుద్దముక్క తీసుకున్నారు.

రెండేళ్లుగా ఆయన దగ్గర చదువుతున్నా, క్లాసులో తెలుగు వినడం కావేరికి అదే మొదలు. హాస్టల్లో తెలుగువాళ్లు లేరు. జనగామలో ఉన్న అమ్మకు ఫోన్లో చెప్తే అర్థమయ్యే చదువు కాదిది. ఆమె రాసుకోవడం మరిచిపోయి విన్నది.

సార్‌కు ఒక అలవాటు ఉంది. ప్రతి నిరూపణలోనూ కావాలని ఒక తప్పు చేస్తారు. పట్టుకున్నవాళ్లు బోర్డు దగ్గరికి వెళ్లి సరిచెయ్యాలి. ఇవాళ మూడో వరుసలో, సమీకరణానికి రెండువైపులా ఉన్న ఒకే రాశిని కొట్టేశారు. అలా కొట్టెయ్యొచ్చని ముందు తేల్చలేదు.

కావేరి నవ్వుతూ లేచింది. "దొరికిన్రు సార్! అది సున్నా అయితే ఎట్ల? సున్నాతోని భాగిస్తరా?"

సార్ మూడో వరుస మళ్లీ చదివారు.

"ఇది కావాలని చేసింది కాదమ్మా."

ఆమె నవ్వు ఆగిపోయింది. ఆయన చేతులు దులుపుకుని కుర్చీలో కూర్చున్నారు.

"నువ్వు కూడా మారిపో. నా మొహం చూసి ఆగిపోతే నష్టపోయేది నువ్వే. నాకంటావా, ఎక్కడో ఓ ట్యూషన్ సెంటరు దొరక్కపోదు."

ఇంతలో అటెండరు దశరథ్ తలుపు దగ్గరికి వచ్చాడు. "దీదీ, మేడమ్ బులా రహీ హైఁ. సబ్జెక్ట్ ఛేంజ్ కర్నా హై," అని, సబ్జెక్టు మార్చుకోవడానికి మేడమ్ పిలుస్తోందని చెప్పాడు. గొంతు తగ్గించి, "కమ్రా భీ ఖాలీ కర్నా హై," గది కూడా ఖాళీ చెయ్యాలన్నాడు. అతని వెనక వరండాలో కంపెనీ కుర్రాళ్లిద్దరు ప్రొజెక్టరు పెట్టె పట్టుకుని నిలబడి ఉన్నారు.

"వెళ్లమ్మా," అన్నారు సార్.

కావేరి కదల్లేదు. "మిమ్మల్ని చూసి జాలిపడి ఉంటున్న అనుకుంటున్రా సార్? నాకు లెక్కలు గావాలె. నాకు చెప్పనీకి గీ కాలేజీల ఇంకెవరున్నరు?"



"ఫిర్ మేడమ్ కో క్యా బోలూఁ?" అని, మేడమ్‌కి ఏం చెప్పమంటావని అడిగాడు దశరథ్.

మేడమ్ ఏం చెప్పినా 'యస్ మ్యామ్' అనడమే ఇన్నాళ్లూ కావేరికి తెలుసు. ఆమె బెంచీ అంచు పట్టుకుంది.

"బోల్ దీజియే భయ్యా, క్లాస్ చల్ రహీ హై," అని, క్లాసు జరుగుతోందని చెప్పమంది.

దశరథ్ ఆమెనూ సార్‌నూ చూసి, తలుపు మెల్లగా దగ్గరికి వేసి వెళ్లాడు. సార్ లేచి బోర్డు దగ్గరికి నడిచారు. కాసేపటికి వరండాలో మేడమ్ హైహీల్స్ చప్పుడు దగ్గరవుతూ వినిపించింది. సుద్దముక్క బోర్డు మీద ఆగిపోయింది.

"తర్వాత, సార్?" అంది కావేరి.