గాలి ఆరబోత

వరి కోతలైన నాటి నుంచి కామరాజుకు దగ్గు వదలడం లేదు. ఒక పక్క కొయ్యకాళ్లు కాల్చిన పొగ, మరో పక్క కరెంటు ప్లాంటు బూడిద. రిటైరైన ఇంజనీరు కదా, ఊరికే దగ్గి ఊరుకోలేదు. గాలిలో దుమ్మును కొలిచే మిషన్ కొని, వడ్ల కొనుగోలు కేంద్రంలో రైతు ఓదెలు ముందు పెట్టాడు. ఆ ఓదెలు పొద్దున్నే పొలానికి నిప్పు పెట్టి వచ్చి, తీరిగ్గా టార్పాలిన్ మీద వడ్లు ఆరబోస్తున్నాడు.

"చూడవయ్యా నీ నిర్వాకం. మూడు వందల పది."

"ఎంతుండాలె సార్?"

"యాభై లోపు."

ఓదెలు బుగ్గలు నొక్కుకున్నాడు. "తేమ పదిహేడు శాతం దాటితేనే మా వడ్లకు కాంట వెయ్యరు. ఇది బాగ పచ్చిగున్నది సార్. ఇటియ్యుండ్రి, ఆరబెడ్త."

కామరాజు నోరు తెరిచేలోపే మిషన్ వడ్ల నడుమ వెల్లకిలా పడుకుంది. ఓదెలు గంటకోసారి వడ్లతోపాటు దాన్నీ తిరగేశాడు. మధ్యాహ్నానికి అంకె నలభై ఎనిమిదికి దిగింది.

"ఎండితే దిగదా సార్," అన్నాడు ఓదెలు.

"ఎండకు కాదయ్యా, గాలి మా వీధి వైపు తిరిగి..." అంటుండగానే ఫోను మోగింది. భార్య రాజరాజేశ్వరి. ఇల్లంతా పొగ కమ్మిందట, ముందు ఇంటికి తగలడమంది.

ఓదెలు జాలిపడి ఇంకో టార్పాలిన్ దులిపి, మడతపెట్టి అందించాడు. "ఇల్లు గూడ పచ్చిగున్నట్టున్నది సార్. తీస్కపోండ్రి."

కామరాజు తిట్టబోయి దగ్గాడు. టార్పాలిన్ మాత్రం వదల్లేదు. కిటికీలకు కట్టాలి మరి.