విదియ భోజనమునకు విమానయానము

తవిటినాయునకు మహమ్మారి రోగము సోకెననియు అతని యిల్లాలు దాలమ్మ అతనిని కళ్ళమునందలి పాకకు వెడలనడచి దాపునకైన జేరక గట్టుమీదనే కంచము పెట్టి మరలివచ్చుచున్నదనియు పొరుగింటి పోలమ్మ తన కన్నులార చూచినదట. పోలమ్మ చెప్పగా వినినవారు విననివారికి చెప్పిరి. చెప్పినకొలది రోగము ముదిరెను. ఆమె నోట దగ్గుగా బయలుదేరిన యది వీధి మలుపున జ్వరమై బడి కడకు ఆయాసమై ఊరిచివరి కిరాణాకొట్టు చేరునప్పటికి నేడో రేపో యన్నంత యయ్యెను.

అది ఆశ్వయుజమాసపు కృష్ణపక్షము. వంశధారాతరంగశీకరభరితమగు ప్రాభాతికపవనము పాలు పట్టి పసుపువన్నె దిరుగుచున్న వరిచేల వెన్నులను పెద్దముత్తైదువ పసిపాపల తలలు నిమిరినట్లు నిమురుచు పోవుచుండెను. నీహారధూసరమగు ప్రాచీదిశాముఖమున బాలభానుడు తోమని కంచుగిన్నెవలె మసకమసకగా పొడచూపుచుండెను. అట్టి వేళ కళ్ళము నడుమ పేడనీళ్ళ నలికిన నేలపై వేపపుల్ల నమలుచు గొంతుకూర్చుండిన తవిటినాయుడు రెండు పుట్ల ధాన్యము మోయగల యారోగ్యముతో ఆకాశమువంక చూచుచుండెను. ఆకాశమున విమానమేదియు లేదు. అయినను చూచుచుండెను.

రోగము లేనివాడు పాక చేరుటకు హేతువా విమానమే. ఖరగపురమున స్థిరపడిన తన యక్క సూరమ్మ యింట కార్తికశుద్ధవిదియనాడు భుజించుట అతనికి ఏండ్లనాటి వ్రతము. ఆ దినమున తోబుట్టువు చేతికూడు తినిన మగవాని కాయుష్షు పెరుగునని పెద్దలు చెప్పుదురు. ఆ యూరి సేద్యపు కుటుంబములలో ఈ యాచారమున కంత పట్టింపు లేదు. అయితే రైలు కర్మాగారమున కొలువు దొరకిన మగనివెంట వంగదేశమునకు పోయిన సూరమ్మ అదే దినమున ఇరుగుపొరుగు వంగస్త్రీలు తమ యన్నదమ్ములను పీటలపై కూర్చుండబెట్టి నుదుట చందనపుబొట్టు పెట్టుట చూచి మనకు మాత్రము లేదా యని రెండు దేశముల తంతులను కలిపి ఒక్కటిగా చేసికొనెను. బొట్టు వారిది, ఆనపకాయ దప్పళము మనది.

ఆమెకంత పట్టుదల యేల యనిన దానికి వేఱొక కథ కలదు. సూరమ్మ తరువాత వారి తల్లికి పుట్టిన బిడ్డలందఱును పురిటిలోనే కన్నుమూసిరి. కడపట నీతడు పుట్టగా మృత్యువు దృష్టి పడకుండుటకై ఆ సీమ వాడుకచొప్పున పసికందును చేటలో పరుండబెట్టి ఇది మా బిడ్డ గాదు అమ్మకపు సరకని గడప దాటించినప్పుడు దోసెడు తవుడు పోసి కొన్నది సూరమ్మయే. నాటికామె లంగా నడుమున నిలువని చిన్నది. ఆటగా కొన్నదో అర్థమయ్యే కొన్నదో ఎవ్వ రెఱుగుదురు? కొన్ననాటినుండి మాత్రము ఆ ప్రాణము తన సొత్తని నమ్మినది. తవిటికి కొన్న బిడ్డడు కావున తవిటినాయుడయ్యెను. ఆ తవిటినాయుడు మనుమల నెత్తిన పిమ్మటను ఏటేట ఆ విదియనాడు తన విస్తరి ముందు కూర్చుండనిదే సూరమ్మకు ఆ యేడు గడచినట్లు తోచదు.

ఇట్లుండ లోకమెల్ల మూతికి గుడ్డ కట్టుకొని మూల కూర్చుండిన యా యేట తవిటినాయుడు ఎప్పుడును ఎక్కు రైలుబండి నిలిచిపోయెను. సూరమ్మ అన్నము మానునంతవఱకు వచ్చెను. అంతట ఆమె కుమారుడు ఢిల్లేశ్వరుడు విశాఖపట్టణమునుండి కలకత్తాకు విమానపు టిక్కెట్టు కొని ఫోనులోనికి పంపి, తల్లి చెవిని బడకుండ పెరటిలోనికి వచ్చి మాటలాడెను.

"మావా, విమానానికి నువ్వేటీ బయపడకు. నా బయమల్లా నాన్న కోసం. నీకు తెలుసు గదా, ఆ గదిలోకి ఎల్లాలంటే నానే రెండుసార్లు సేతులు కడుక్కుంతన్నాను. వొచ్చేముందర కొన్నాళ్ళు ఎవుల్నీ కలవకు. ఈ మాట నానన్నానని అమ్మకి సెప్పీకు. సంపేస్తాది."

ఢిల్లేశ్వరుని తండ్రి యాదినారాయణ కర్మాగారపు టినుపరజను జీవితమెల్ల పీల్చి ఇప్పుడు చిల్లులుపడిన కొలిమితిత్తివలె ఒక్కొక్క యూపిరిని బ్రతిమాలి లోనికి రప్పించుకొనువాడు. ఆ రోగము గాలి తగిలిన చాలును, అతనికి మఱి తెల్లవారదు. ఈ సంగతి యెఱిగిన తవిటినాయుడు అక్క నమ్మకమును నిలుపవలెను బావ యూపిరిని నిలుపవలెను అను సంకల్పముతో నులకమంచము నెత్తిన బెట్టుకొని కళ్ళము చేరెను. లోలోపల మూడవ కోరికయు నొకటి కలదు. విమానమెక్కి మబ్బుల వీపు చూడవలెనని. అక్కపై ప్రేమ యెంతయో విమానముపై మోజెంతయో వేఱుపఱచి చెప్పుమనిన అతడే చెప్పలేకపోయెడివాడు.

అయితే ఆ యూరి మర్యాద యొకటి కలదు. మంచముపట్టినవానిని చూడబోనివాని పాడెకు భుజము పట్టువారుండరు. మహమ్మారి భయమున తొలుదొల్త ఊరివారు గడపలు దాటలేదు. కాని ఎవ్వతెయో యొక ముసలిది చెంబునిండ మిరియాలచారు పట్టుకొని గట్టువెంబడి పోవుట కనబడెను. ఒకతె పోయిన పిమ్మట పోకుండుట మిగిలినవారికి తల తీసినట్లయ్యెను. ఒకరు కోడిగ్రుడ్లును ఒకరు కషాయమును ఒకరు విభూతిపొట్లమును తెచ్చిరి. దాపునకు రాకుండుట అవమానము గావున మంచముపైననే కూర్చుండిరి.

"నాకేటీ నేదర్రా! దూరంగా ఉండండర్రా, మీకు దండమెడతాను!" అని తవిటినాయుడు మొఱపెట్టెను.

"పాపం, సందిమాటలు కూడా వొచ్చీసినాయి," అని ముసలిది కన్నులొత్తుకొని కాళ్ళు పిసుకసాగెను.

రోగము లేదనిన కొలది అది యున్నదని రూఢియయ్యెను. విమానము మాట చెప్పగా అది జ్వరపు కలవరింత యనిరి. ఊరందఱకు దూరముగా ఉండనెంచి పాక చేరినవాని చుట్టు పెండ్లిలో పెండ్లికొడుకు చుట్టును గూడ గూడనంత జనము గూడెను. దాలమ్మ కఱ్ఱ తీసికొని నిలిచిన మీదట గదా అది పలుచబడినది.

అందఱు వచ్చి పోయిన తరువాత పోలమ్మ మగడు గున్నయ్య వచ్చెను. అతడును తవిటినాయుడును పసినాటినుండి ఒకరి యెద్దును ఒకరి కాడికి కట్టి పొత్తున దున్నుకొనినవారు. గున్నయ్య మంచపుపట్టెపై కూలబడి పైకండువలోనికి రెండు తడవలు దగ్గి చిన్నబోయిన ముఖముతో చెలికానివంక చూచెను.

"ఊరంతా సూసెల్లిపోనారు. నానొక్కడ్నీ రాకపోతే రేపు నీ సావుకి ఏ ముకం పెట్టుకొని వొస్తాన్రా?"

"నాను సావడం నేదురా బాబూ!"

"అలాగే అనాల. దైర్యం ఉండాల. ఇంద, ఓ దమ్ము లాగు."

అనుచు తాను పీల్చుచున్న చుట్టను నోటనుండి తీసి చాచెను. తవిటినాయుడు వెనుకాడెను. పంటచేని గట్లపై వానలో వణకుచు ఒకే చుట్టను చేతులు మార్చుకొని బ్రదికించిన దినములెన్నో వారి నడుమ కలవు. ఆ చుట్టను కాదనుట ఎంగిలి యని చీదరించుకొనుట. ఎంగిలి యనుట స్నేహమును గట్టున బెట్టుట. ముసలితనమున అంత మాట యనుటకు నోరు రాక అతడు అందుకొని ఒక్క దమ్ము లాగెను. రెండవది అలవాటున లాగెను.

విమానమెక్కవలసిన దినమునకు ముందటి యుదయమున గున్నయ్యను జ్వరమున మాడిపోవుచుండగా బండిలో ఆసుపత్రికి గొనిపోయిరి. ముక్కులో పుల్ల పెట్టి చూచి అదే యని చెప్పిరి. ఊరికెల్ల అబద్ధపు రోగము పంచిన పోలమ్మ నిజపు రోగము తన గడప త్రొక్కగా వీధిలో చతికిలబడి ఏడ్చెను. ఎవ్వరును ఆమెను దెప్పలేదు. దెప్పుటకైన దగ్గఱకు పోలేదు.

మధ్యాహ్నమున దాలమ్మ గట్టుపైకి వచ్చెను. సంచిలో చలువపంచెలు మడిచి పెట్టినది. వదినకై అరిసెలు వండి డబ్బాలో బిగించినది.

"ఎల్లిపో. నీకు జొరం ఉందేటి? నేదు. అక్కడ నుదురు మీద ఏదో మిసను పెడతారంట. నీ నుదురు సల్లగానే ఉన్నాది."

"మిసను నా నుదురు సూస్తాది గానీ బావ ఊపిరి సూడదు గదే."

"అయితే వొదినకి ఏటని సెప్తావు? దోసెడు తవుడు ఎనక్కి ఇచ్చీస్తానని సెప్తావా?"

దాలమ్మ కొంగు నోట గ్రుక్కుకొని ముఖము పంటచేలవైపు త్రిప్పుకొనెను.

"రేపు నీకేదైనా అయితే ఆ మనిసి నన్నే అంటాది. దాలమ్మ పంపనేదు, నా తమ్ముడ్ని సంపీసింది అంటాది. ఆ మాట నాను పడలేను. నాకూ బయమేనయ్యా! ఓ పక్క నువ్వు, ఓ పక్క మీ బావ. ఎటు మొగ్గితే ఎవులు పోతారో!"

ఆమె పోయిన పిమ్మట తవిటినాయుడు చాలసేపు పాకనీడన కూర్చుండి తన ప్రాణమును చేటలో నుండి ఎత్తి కొన్న యా చిన్నచేతులను తలచుకొనియు ఆ చేతులకు గాజులు తొడిగిన బావ తనను తొలిసారి రైలుపెట్టెలో కిటికీ కడ కూర్చుండబెట్టి తాను నిలుచుండియే వచ్చిన రాత్రిని తలచుకొనియు తన యాయుష్షును పెంచుకొనుటకై పోయి మఱియొకని యాయుష్షును తుంచి వచ్చినచో ఆ పెరిగిన దినములలో తాను సుఖముగ నొక్క ముద్దయైన మ్రింగగలడా యని తన్ను తానే అడుగుకొనియు ఎటును తేలక పొద్దు వాలుచుండగా ఫోను చేతబట్టెను. అబద్ధమాడుటకు వీలున్నది. విమానము నిలిచిపోయినదనిన సూరమ్మ విమానమును తిట్టి యూరకుండును. కాని తన్ను కొన్నదానితో బొంకలేక చుట్టతో సహా ఉన్నదున్నట్లు చెప్పెను.

"సుట్టా?" అనెను సూరమ్మ. "నా ఇంటికి రాడానికి పాకలో కూకొని, సుట్ట తాగీసినావేట్రా?"

"తాగీసినానప్పా."

"దగ్గొచ్చిందా?"

"నేదు."

"జొరం?"

"నేదు."

"మరేటి? రా."

"రానప్పా."

పుట్టిబుద్ధెఱిగిన పిదప ఆమెతో నతడనిన తొలి కాదు అదియే. సూరమ్మ ఫోను కట్టివేసెను.

విదియ వచ్చెను. నిజముగ అనుమానమున్నది గావున ఇప్పుడు పాక దరిదాపుల కాకియైన వ్రాలలేదు. మిరియాలచారు తెచ్చిన ముసలిదియు గట్టు మార్చి నడచుచుండెను. ఆ యుదయమునుండి తవిటినాయుని గొంతులో ఏదియో గరగరలాడుచుండెను. దాలమ్మ దూరముగ నిలిచి విస్తరి వేసి పోయెను. అంతలో ఫోనులో ఢిల్లేశ్వరుని ముఖమును వెనువెంటనే ఖరగపురపు టింటి చావడియు కనబడెను. పీట వేసి యున్నది. పీట యెదుట ఆకులో పరమాన్నమును దప్పళమును పొగలు గ్రక్కుచుండెను. సూరమ్మ కొడుకుచేతినుండి ఫోనును లాగికొని పీటకు చేరగిలబెట్టి చందనము వ్రేలికి రాచుకొని అద్దముపైననే తమ్ముని నుదురున్నచోట బొట్టు పెట్టెను. బొట్టు క్రింద అతని ముఖము సగము మఱుగుపడెను. అది చూచి ఆమె నిలువునీరయ్యెను.

"యముడంతటోడు, సణం తీరికనేనోడు, సెల్లెలు పిలిస్తే ఈ దినాన ఆ యింటికెల్లి కూడు తిన్నాడంట. నువ్వంతకంటే పెద్దోడివైపోనావేట్రా? సుట్ట కోసం నన్నొగ్గీసినావేట్రా?"

తవిటినాయుడు బదులు పలుకనెంచి నోరు తెఱచెను. గొంతున నున్నది పైకుబికెను. అతడు ముఖము త్రిప్పి తువ్వాలు అడ్డము పెట్టుకొని దగ్గెను. ఆ దగ్గు వంగదేశమువఱకు వినబడెను. సూరమ్మ వ్రేలి చందనము ఆకుపై జాఱెను.

ఆ వెనుక మూసిన గదితలుపు ఆవలినుండి ఆదినారాయణ కంఠము మాటకొక యూపిరి చొప్పున తెంపి తెంపి పలికెను.

"వొచ్చినాడు, సరే. తిన్నాడు, సరే. ఆ సెల్లెలికి మొగుడొకడు ఉండే ఉంటాడు గదా, సూరీ. యముడు తినీసి ఎల్లిపోయినాక, ఆ మొగుడు ఏటైపోనాడో, ఎవులైనా సెప్పినారా?"